మల్లప్ప బండికి పెద్ద టైర్లు

మోటారు షెడ్డుల్లో పనికి చేరిన కుర్రవాళ్లు ఈ మధ్య అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. అరుగు మీద కూర్చుని, "తాతా, ఇంజను పని చెప్పరాదూ" అంటారు. ఇంజను పని చెప్పడానికి నేనెందుకు? చెవి పెడితే ఇంజనే చెబుతుంది. నేను చెప్పవలసింది బండి తెచ్చే మనిషి గురించి, ఆ బండి నడిచే నేల గురించి. ఈ రెండూ పట్టించుకోకుండా చేతిలో పానా పట్టుకుని చాలా ఏళ్లు గడిపాను. నర్సింలు మిస్త్రీ ఎంత గొప్పవాడో చెప్పడానికి తాండూరులో ఇంకా నలుగురు మిగిలి ఉన్నారు, కావాలంటే వాళ్లనడగండి. నా తప్పులు మాత్రం నేనే చెప్పుకోవాలి. ఆ నలుగురికీ అవి తెలియవు.

వికారాబాదులో నేర్చుకున్నది

నలభై ఎనిమిది చివర్లో వికారాబాదు స్టేషను దగ్గర ఒక షెడ్డులో చేరాను. మిలిటరీవాళ్లు పాత బండ్లను వేలం వేస్తున్న రోజులవి. ఎద్దులబండి తప్ప ఇంకోటి ఎరగనివాళ్లు కూడా పికప్పులు కొనేసి, వాటిని నిలబెట్టడం ఎలాగో తెలియక మా షెడ్డు గోడకు గుద్ది ఆపేవారు. ఆ గోడను ఏడాదికి రెండుసార్లు కట్టేవాళ్లం.

మా యజమాని కరీం ఉస్తాద్. పనిలో దేవుడు. ఇంజను మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడంటే రోగం పట్టేసేవాడు. కానీ ఆయన మాకు నేర్పిన వ్యాపార సూత్రం ఒకటుంది.

"అరె నర్సింలు, గిరాకి ఏమడిగితే గది చెయ్. ఎందుకని అడగకు. ఎందుకని అడిగినవనుకో, వానికి ఆలోచన వస్తది. ఆలోచన వస్తే వాడు ఇంటికి పోతడు."

నాకు అది వేదవాక్కు. తర్వాత తాండూరు వచ్చి స్టేషను రోడ్డులో సొంత రేకుల షెడ్డు వేసుకున్నప్పుడు సామాన్లతోపాటు ఆ మాటను కూడా మూటకట్టి తెచ్చుకున్నాను.

పటేలుగారి ఎత్తు

పెద్దేముల్ దాటాక ఒక ఊరుంది. పేరు చెప్పను, అక్కడివాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఆ ఊరి పటేలుకు వంద ఎకరాల నల్లరేగడి, రెండంతస్తుల ఇల్లు, వేలంలో కొన్న పికప్పు ఉన్నాయి. ఒకరోజు బండిలో షెడ్డుకు వచ్చి కిందికి దిగకుండానే మాట్లాడాడు.

"నర్సింలూ, బండిని జర లేపాలె."

"ఎంత లేపమంటరు పటేలా?"

"నేను సీట్ల కూసుంటే గోడల మీదికెళ్లి ఊరంత కనవడాలె."

మనుషులు గోడలు కట్టుకునేది కనపడకుండా ఉండటానికే కదా అని లోపల అనుకున్నాను గానీ, ఎందుకని అడగలేదు. హైదరాబాదు పాత సామాన్ల బజారు నుంచి నాలుగు మిలిటరీ టైర్లు తెప్పించాను. అబ్బో, ఏం టైర్లవి! ఒక్కోదాన్ని ఇద్దరు దొర్లించాల్సి వచ్చింది. వాటి పళ్లు చూస్తే నాగలి కర్రుల్లా ఉండేవి. రిమ్ము కొలత ఒకటే కాబట్టి కూర్చున్నాయి. మడ్‌గార్డులు ఉలితో చెక్కి దారి చేశాను. టైర్లతో వచ్చిన ఎత్తు పటేలుకు ఆనలేదు. కమాన్ల కింద, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల కింద, చెక్క దిమ్మెలు పెట్టి ఇంకాస్త లేపాను. బండి జానెడు లేచింది.

బండి లేచింది గానీ పటేలు కాళ్లు లేవలేదు. మనిషి పొట్టి, పైగా బొజ్జ. మొదటి రోజు ముగ్గురం కలిసి ఎక్కించాం. మరునాటి నుంచి ఎక్కడానికొక పీట, పీట మోయడానికొక జీతగాడు. పటేలు ఎక్కగానే జీతగాడు పీట తీసుకుని వెనక ఎక్కాలి, బండి ఆగగానే ముందే దూకి పీట వేయాలి. యాలాల్ అంగడిలో ఒకసారి ఆ జీతగాడు బీడీ కోసం దిగి ఎటో పోయాడు. పటేలు ఎండలో సీటు మీదే కూర్చుని గంటసేపు హారను కొట్టాడు. ఆయనకు ఊరంతా కనపడిందో లేదో గానీ, ఊరంతటికీ ఆయన బాగా కనపడ్డాడు. ఆఖరికి పటేలమ్మ చెప్పేసిందట: "నేను నిచ్చెన ఎక్కి పెండ్లిళ్లకు పోవాల్నా? నాతోని గాదు."

ఇరవై రోజులకు బండి మళ్లీ వచ్చింది.

"నీ టైర్లు మంచిగ లేవు, ఇప్పేయ్" అన్నాడు పటేలు. టైర్లు బాగానే ఉన్నాయి, కాళ్లే చాలలేదు. ఆ మాట అనలేదు. నాకూ పెళ్లాం పిల్లలున్నారు. పాత చిన్న టైర్లు బిగించి పంపించాను. పెద్ద టైర్లు నాలుగూ షెడ్డు మూల పడి ఉన్నాయి.

భీమమ్మ అడిగిన మాట

అదే ఊళ్లో కురుమ మల్లప్ప అని ఒకడుండేవాడు. తాతల నాటి నుంచి గొర్రెల మంద. బీళ్లన్నీ దున్నకాల కిందికి పోయి మేపడానికి జాగా తగ్గిపోతుంటే, మల్లప్ప ధైర్యం చేసి అరవై గొర్రెలు అమ్మి, పటేలు బండి లాంటిదే ఒక పాత పికప్పు కొన్నాడు. తాండూరులో పప్పు మిల్లు సేటుతో మాట్లాడుకున్నాడు. కళ్లాల నుంచి పెసర్లు, కందులు మిల్లుకు చేర్చడం పని. సేటు పెట్టిన షరతు ఒక్కటే: వానాకాలం పెసర్లు తడవకుండా తెస్తే ఏడాదంతా మాలు మల్లప్పదే. బండి ఆగిందంటే వేరేవాడిదే.

మీరు రేగడి చూశారా? ఎండాకాలం రాయి, వాన పడితే జిగురు. మొదటి వానాకాలంలోనే మల్లప్ప బండి రెండుసార్లు దిగబడింది. ఎడ్లను కట్టి లాగారు. పూర్తిగా నానింది ఒక్క బస్తానే అయినా సేటు మొహం మాడ్చుకున్నాడు. ఇంకో వానాకాలం ఇలాగే అయితే మల్లప్పకు మందా ఉండదు, బండీ ఉండదు.

ఆ ఎండాకాలం మల్లప్ప షెడ్డుకు వచ్చాడు. వెంట భార్య భీమమ్మ.

"ఉస్తాద్, పటేలు ఇప్పేసిన టైర్లు నీ తాననే ఉన్నయట గద?"

"ఉన్నై. గవి నీకెందుకు?" అనలేదు నేను. "ఉన్నై, తీస్కపో" అన్నాను. మూల ఖాళీ అవుతుందన్న సంబరం నాది.

పైసలు లేవు అతని దగ్గర. ఉన్నవి పన్నెండు గొర్రెలు, అవీ భీమమ్మవి. మంద అమ్మినప్పుడు ఆమె అడ్డం పడి ఆపుకున్నవి. వాటి బొచ్చు వడికి గొంగళ్లు నేసేవాళ్లకు ఇచ్చేది. పన్నెండింటికీ పన్నెండు పేర్లు పెట్టుకుంది. బండి ఎలా నడిచినా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ వడుకు మీదే. టైర్లకూ నా కూలికీ ఆ పన్నెండు అమ్మాలి.

భీమమ్మ టైర్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నన్నడిగింది.

"అన్నా, గివి ఏస్తె బండి దిగవడదా?"

"దిగవడది చెల్లె."

"నా గొర్లు పోతున్నయ్. జర సూసి చెప్పు."

"సూసే చెప్తున్న. నాది జిమ్మ."

పూచీ పడ్డాను గానీ, ఏం చూశాను నేను? టైర్లు చూశాను. ఆ ఊరి దారి ఏనాడూ చూడలేదు. కళ్లం ఎక్కడుందో, వాగు ఎక్కడ అడ్డం వస్తుందో తెలియదు. పెద్ద టైరైతే గట్టిది, గట్టిదైతే ఆగదు అని నా లెక్క. ఇరవై రోజుల తర్వాత గొర్రెలు అంగడికి పోయాయి.

బీరప్పకు చూపించాక

తక్కువ ఖర్చులో పెద్ద టైర్లు వేయాలంటే ఏం చేయాలో ఇప్పుడు చెబుతాను, పనికొస్తుంది. జాకీ కింద నాపరాయి పలక పెట్టండి, మన తాండూరులో అదొక్కటే ఉత్తపుణ్యానికి దొరికేది. మడ్‌గార్డు అంచు ఉలితో కోసి, మిగిలింది లోపలికి కాకుండా బయటికి మడవండి. ముందు చక్రాలు రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా తగలకుండా ఆపే బోల్టు సర్దండి. బండి తిరగడానికి కొంచెం ఎక్కువ జాగా కావాలని డ్రైవరుకు ముందే చెప్పండి. బ్రేకు పట్టు తగ్గుతుంది, అది కూడా చెప్పండి. బరువు మోసే బండికి చెక్క దిమ్మెలు వేయకండి, జారితే ప్రాణాలు పోతాయి. మల్లప్ప బండికి నేను వేయలేదు.

అన్నీ బిగించి కొలిచాను. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్ల సందు. బ్రహ్మాండం. బరువేసి కూడా చూద్దామని రెండు బస్తాల ఇసుక తెప్పించబోతే మల్లప్ప అడ్డం పడ్డాడు.

"బీరప్పకు సూపెట్టక ముందుగాల బరువేస్తరా ఉస్తాద్? నీ కాల్మొక్కుత, ఒద్దు."

వాళ్లలో ఆ పట్టింపు ఉంది. కులదేవుడు బీరప్ప గుడికి తీసుకుపోయి, పసుపు బండారి చల్లి, యాటను కోశాకే బండి మీద బరువు. సరే అన్నాను. ఖాళీ బండి కొలతే కొలత అనుకున్నాను. ఊపిరి బిగబట్టి బొజ్జ లోపలికి లాక్కున్న మనిషికి చొక్కా కొలత తీసిన దర్జీని నేను.

గుడి దగ్గర బండారి చల్లారు. యాట తెగింది. డోళ్లు మోగాయి. మొక్కు తీరిందనగానే ఇక పట్టింపేం లేదుగా, ఊళ్లో కురుమలందరూ మొదటి సవారీకి బండెక్కారు. ఎంతమందో నేను చూడలేదు, వెనక అంచుల ఇనుపకడ్డీ కూడా కనపడకుండా ఎక్కారు. డోళ్లవాళ్లు కూడా ఎక్కారు. నేను మల్లప్ప పక్కన కూర్చున్నాను, పెళ్లికొడుకులా. బండి కదిలింది. కమాన్లు కూర్చున్నాయి. నా నాలుగు వేళ్ల సందు ఎటు పోయిందో పోయింది. వెనక చక్రాలు రేకును రాసుకుంటూ కుయ్యిమన్నాయి, తర్వాత పొగ.

నాకు ప్రాణం పోయినంత పనైంది. వెనక నుంచి మాత్రం ఒక ముసలాయన గొంతు వినపడింది: "ఊదు మస్తు రగులుతుంది రా! ఇంత బండారి చల్లుండ్రి!"

రబ్బరు కాలుతున్న కంపును సాంబ్రాణి అనుకుని చల్లారు, ఇంకా గట్టిగా డోళ్లు కొట్టారు. నేను గొంతు చించుకుని ఆపమన్నా ఎవరికీ వినపడలేదు. బండి దానంతటదే ఆగాక, బీరప్పే ఆపాడని అందరూ దిగి మొక్కారు. నేనూ మొక్కాను. ఒక టైరు పక్క చర్మం లేచిపోయింది, అంతే. బండిని షెడ్డుకు తెచ్చి, మడ్‌గార్డు ఇంకా కోసి, తుక్కులోంచి ఏరిన పాత పట్టీలు కమానుకు కలిపాను. ఆ పనికి కూలి అడగలేదు. అడిగే మొహం ఎక్కడుంది?

గోడ మీద గీత

వానలు మొదలయ్యాయి. పెద్ద టైర్ల బండి రేగడిలోకి దిగింది, దిగబడింది. మునుపు పికప్పు చిన్నగా దిగబడేది, ఇప్పుడు దర్జాగా ఇరుసు దాకా దిగబడింది. మల్లప్ప వచ్చి చెబితే నేనేమన్నానో తెలుసా? "నీకు నడుపుడు రాదు." మన వృత్తిలో ఇది బ్రహ్మాస్త్రం. బండి నడవకపోతే డ్రైవరు తప్పు, నడిస్తే మిస్త్రీ గొప్ప. మీరు కూడా అంటారు, నాకు తెలుసు. అనకండి.

సేటు కబురు పంపాడు. ఇంకొక్కసారి మాలు తడిస్తే మల్లప్ప మిల్లు వైపు రావద్దు. భీమమ్మకు ఆ కబురు చెప్పడానికి మల్లప్పకు రెండు రోజులు పట్టింది.

అదే వారం పటేలు మల్లప్పనూ నన్నూ పిలిపించాడు. ఆయన గేటు ముందు నుంచే పొలాల దారి. మునుపు ఆ గేటు దగ్గర బండ్లవాళ్లు దిగి, చెప్పులు చేత పట్టుకుని నడిచి పోవాలి. రాజ్యం మారినా పటేలు మనసులో అది మారలేదు.

"ఏం రా మల్లిగా, నా వాకిట్ల కెళ్లి నాకంటె ఎత్తుల కూసోని పోతున్నవట?"

"పటేలా, దిగి నడుస్తె బండెవడు నడుపుతడు?"

మాట న్యాయంగానే ఉంది, అందుకే పటేలుకు ఇంకా కోపమొచ్చింది. నా వైపు తిరిగాడు. "టైర్లు ఇప్పేయ్."

టైర్లు విప్పితే మల్లప్ప పని అయిపోయినట్టే అనుకున్నాను. విప్పనంటే నా పని అయిపోతుంది. నాకు ధైర్యం తక్కువ, తెలివి అక్కరకొచ్చింది. "పటేలా, మీ గేటు కాడ గాలి సగం తీస్తడు. బండి కిందికైతది. దాటినంక మల్ల కొట్టుకుంటడు" అన్నాను.

పటేలు ఆలోచించాడు. అక్కడ కూర్చున్న ఊరి పెద్దమనుషులు తలలూపారు. పటేలు బండిలో ఆయన కూర్చుంటే తల ఎక్కడి దాకా వస్తుందో గేటు గోడ మీద సున్నంతో గీత గీశారు. మల్లప్ప తల ఆ గీతకు ఒక వేలు కిందుండాలి. మల్లప్ప మెడ పొడుగు కాబట్టి ఇంకొంచెం గాలి తీయాలని కూడా తీర్మానమైంది. ఇంత గొప్ప తీర్పు జిల్లాలో ఎక్కడా జరగలేదని అందరూ అనుకుంటూ పోయారు.

అప్పటి నుంచి మల్లప్ప ఊరి మొదట్లో దిగి నాలుగు టైర్ల గాలి తీసేవాడు. గేటు దాటాక దిగి, చేతి పంపుతో నాలుగూ కొట్టేవాడు. చెమటలు కారేవి. రెండో రోజుకే చేతులు బొబ్బలెక్కాయి.

మూడో రోజు కళ్లంలో పెసర్లు కుప్ప పోసి ఉన్నాయి. మబ్బు కమ్ముకొచ్చింది. గేటు దాటగానే చినుకులు మొదలయ్యాయి. పంపు కొడుతూ కూర్చుంటే కుప్ప తడుస్తుంది. మల్లప్ప గాలి లేని టైర్లతోనే కళ్లానికి పోయాడు, బస్తాలెత్తాడు, వాటి మీద గొంగడి కప్పి భీమమ్మ కూర్చుంది. ఇక ఆ రేగడిలో ఆగిపోవడం ఖాయమనుకుంటూనే బండి తీశాడు.

సాయంత్రం షెడ్డు ముందు బండి ఆగింది. తలుపుల దాకా బురద, టైర్లు పొట్టలు జారి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"గాలి లేకుండ నడుపుతార్రా ఎవడన్న? ట్యూబులు కోసుకపోతయ్!"

మల్లప్ప ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "దిగవడలే ఉస్తాద్! ఎక్కడ గూడ ఆగలే. మాలు మిల్లుల ఏసి వస్తున్న, ఒక్క గింజ తడవలే!"

అప్పుడు వంగి చూశాను. గాలి తగ్గిన టైరు అరికాలు పరిచినట్టు నేల మీద పరుచుకుంది. పరుచుకున్నది దిగదు. గట్టి టైరు గుంజలా దిగుతుంది. పదేళ్ల అనుభవం నాకు చెప్పనిది పటేలు పొగరు చెప్పింది. ఊళ్లో పటేలు ఏమన్నాడో వినండి: "గాలి తియ్యమన్నదెవరు? నేనే గద!" ఆయన బతికినన్నాళ్లూ ఆ ఉపాయం ఆయనదే.

గట్టి రోడ్డు ఎక్కగానే గాలి కొట్టాలి, లేకపోతే ట్యూబు నిజంగానే పోతుంది. అది మాత్రం మరిచిపోకండి.

చిన్న టైర్లు

సేటు మాలు మల్లప్పకే నిలబడింది. నాలుగేళ్లు బండి తిరిగింది. నాలుగేళ్లకు పెద్ద టైర్లు దారాలు తేలాయి. అలాంటివి మళ్లీ దొరకలేదు. ఇంటి వెనక పడి ఉన్న పాత చిన్న టైర్లనే తెచ్చాడు. బిగించాను. "ఎండాకాలం దాక నడుపు, వానలకు సూద్దాం" అన్నాను.

వానలొచ్చాయి, టైర్లు దొరకలేదు. ఈసారి నాకే ఉండబట్టలేక మల్లప్ప పక్కన కూర్చుని వెళ్లాను. ఆ దారి చూడటం అదే మొదటిసారి. మెత్తటి రేగడి, మధ్యలో మోకాలిలోతు వాగు, అవతల మళ్లీ రేగడి. అవే బస్తాలు, అంతే బరువు, పైన గొంగడి కప్పుకుని భీమమ్మ. మల్లప్ప అలవాటు కొద్దీ గాలి తీశాడు.

చిన్న టైర్లు ఆ రేగడిని దాటేశాయి. వాగు దాటాయి. అవతలి రేగడి కూడా దాటాయి. మల్లప్ప స్టీరింగు మీద చెయ్యేసి కొడుతూ అరిచాడు. "ఉస్తాద్, సూసినవా? చిన్నయి గూడ పోతున్నయ్!"

చూశాను.

మిల్లు దగ్గర బస్తాలు దించుతుంటే భీమమ్మ చక్రం దగ్గరికి వచ్చింది. వంగి, ఆ చిన్న టైరును వేళ్లతో నొక్కి చూసింది. కోపం లేదు ఆమె గొంతులో, అందుకే నాకు ఇంకా కష్టమైంది.

"అన్నా, గాలి తీసుడుకు ఎంతైతది?"

"ఏం గాదు చెల్లె. ఉత్తదే."

"గప్పుడు గూడ ఉత్తదేనా? నా గొర్లు అమ్మక ముందుగాల?"

"గప్పుడు గూడ ఉత్తదే."

ఆమె టైరు మీద నుంచి చెయ్యి తీసింది. నేనే అందుకున్నాను. "నాకు తెల్వక చెప్పిన చెల్లె. గా దారి నేను సూడనే లేదు."

"తెల్వదని గప్పుడే అంటె అయిపోయేది గద అన్నా" అంది. కొంగుతో చేతి బురద తుడుచుకుని బస్తాలు లెక్కపెట్టడానికి లోపలికి వెళ్లింది.